కన్నులేని అగ్నిబాణం: టిప్పు సుల్తాను చరిత్రలో ఒక పార్శ్వం

క్షిపణి అన్న మాట ఈనాడు ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం సుపరిచితమే. యుద్ధవిమానపు రెక్క క్రింద అమర్చిన క్షిపణి, శత్రువిమానపు ఇంజను వెలువరించే వేడిని పసిగట్టి, అది ఎటు మళ్లితే అటు మళ్లి, వెంటాడి కూల్చివేస్తుందని పత్రికలలో చదువుతూనే ఉన్నాము. ఇందులో నిజానికి రెండు విద్యలు ఇమిడి ఉన్నాయి. కడుపులో నిప్పు దాచుకొన్న గొట్టం తనంతట తాను దూసుకొనిపోవడం ఒకటి. పోయే దారిలో తన లక్ష్యాన్ని తానే చూచుకోవడం రెండవది. ఈ రెండవ విద్య పుట్టి ఇంకా నూరేళ్లు కాలేదు. మొదటి విద్య మాత్రం ఐరోపా సైన్యాలు ఆశ్చర్యపడి నేర్చుకొనే స్థాయికి ఎదిగింది మన దక్షిణాపథంలోనే, పద్దెనిమిదవ శతాబ్దంలోనే. ఆ విద్యను తన సైన్యానికి ఒక అంగంగా తీర్చిన టిప్పు సుల్తాను చరిత్రను ఈ సంచికలో విద్యార్థుల ముందుంచదలచాము. అతని జీవితమంతా చెప్పడం మా ఉద్దేశం కాదు. అది ఒక వ్యాసానికి లొంగేది కాదు. అతని చేతిలోని అగ్నిబాణం వెంట నడిచి, ఆ వెలుగులో కనిపించినంతవరకే అతనిని చూడదలచాము. అతని పేర ప్రచారంలో ఉన్న సూక్తులను ఇక్కడ ఎత్తుకోము. అవి అందరికీ కంఠస్థమే.

మార్కాపురంలో కూర్చుండి మైసూరు సుల్తానును గురించి వ్రాయడమేమని ఎవరికైనా తోచవచ్చు. టిప్పు తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా, కడప కోటకు అధిపతిగా ఉండిన మీర్ మొయినుద్దీన్ కుమార్తె. కడపకు, మన కంభం సీమకు ఆనాడు పాలన ఒక్కటే. తండ్రి హైదర్ అలీ పుట్టినది కోలారు ప్రాంతంలోని బూదికోటలో. ఆ వైపు తెలుగు నేటికీ ఇళ్లలో వినిపిస్తుంది. ఆ హైదరు కన్నుమూసినది చిత్తూరు సమీపంలోని దండులో. మన ప్రాంతపు మట్టితో ఆ వంశానికి గల సంబంధం ఇంతటితో ఆగదు. ఆ సంగతి ముందు వస్తుంది.

హైదరు తండ్రి ఫతే మహమ్మదు ఆర్కాటు నవాబు కొలువులో ఒక చిన్న దళానికి నాయకుడు. అది 50 మంది బాణదారుల దళం. వెదురు గొట్టాలలో మందు కూరి, ముఖ్యంగా సంకేతాల కొరకు ఆకాశంలోకి వదిలే జువ్వలే వారి సాధనాలు. మనుమడు సుల్తానయ్యేనాటికి ఆ సంకేతమే ఒక సైనిక విభాగంగా మారింది. మూడు తరాలపాటు ఒకే వస్తువును చేతిలో పట్టుకొని పైకెక్కిన రాజవంశాలు చరిత్రలో అరుదు.

టిప్పు 1750 నవంబరు 20న, బెంగుళూరుకు ఉత్తరాన ఉన్న దేవనహళ్లిలో జన్మించాడు. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా దర్గాపై తల్లిదండ్రులకు గల భక్తి వలన ఆ పేరు వచ్చింది. హైదరు చదువులేనివాడు. తనకు లేనిది కుమారునికి ఉండాలని కోరుకొన్న తండ్రి. అందుచేత బాలునికి ఫారసీ, అరబ్బీ, ఉర్దూ, కన్నడం నేర్పించాడు; మతశాస్త్రం చెప్పించాడు; గుర్రపుస్వారి, తుపాకి గురి అలవరచాడు. కొలువులో ఉన్న ఫ్రెంచి అధికారులు ఐరోపా యుద్ధ విధానాన్ని బోధించారు. 1761 నాటికి మైసూరులో అధికారమంతా హైదరు చేతికి వచ్చింది. 1767లో ఈస్టిండియా కంపెనీతో మొదటి యుద్ధం సంభవించినపుడు పదిహేడేళ్ల టిప్పు ఆశ్వికదళాన్ని నడిపించి చెన్నపట్టణం శివార్ల వరకు పోయి కంపెనీ దొరలను కలవరపెట్టాడు. 1769లో సంధి జరిగింది. ఈ ఘట్టాలను పాఠ్యపుస్తకాలు విపులంగా చెబుతున్నందున మేము త్వరగా దాటుతున్నాము.

మా ఆసక్తి ఆ జువ్వ మీద. దీపావళినాడు మనం కాల్చే తారాజువ్వకు, మైసూరు బాణానికి సూత్రం ఒక్కటే. పెట్లుప్పు, గంధకం, బొగ్గుపొడి కలిపిన మందు గొట్టంలో మండుతుంది. పుట్టిన ఆవిరి వెనుక రంధ్రం గుండా తన్నుకొని బయటకు పోతుంది. ఆ తాకిడికి గొట్టం ముందుకు పోతుంది. భేదమంతా గొట్టంలో ఉన్నది. కాగితపు గొట్టం గాని వెదురు గాని కొంత ఒత్తిడికి మించి తట్టుకోలేక పగిలిపోతుంది. అందువలన మందు తక్కువగా, వదులుగా కూరవలసి వచ్చేది. మైసూరు కమ్మరులు మెత్తని ఇనుమును సుత్తెతో సాగగొట్టి గొట్టం చేశారు. ఇనుము ఒత్తిడిని భరించగలదు గనుక మందును దట్టించి కూరవచ్చు. ఒత్తిడి పెరిగితే తోపు పెరుగుతుంది, తోపు పెరిగితే దూరం పెరుగుతుంది. ఆ బాణాలు కిలోమీటరు దాటి, కొన్ని రెండు కిలోమీటర్ల వరకు పోయేవని చెబుతారు. ఆనాటి ఐరోపావారి వద్ద ఇట్టిది లేదు.

ఇంగ్లండులోని వూలిచ్ ఫిరంగి ప్రదర్శనశాలకు చేరిన రెండు మైసూరు బాణాల కొలతలు నమోదై ఉన్నాయి. ఒకదాని గొట్టం 58 మిల్లీమీటర్ల లావు, 254 మిల్లీమీటర్ల పొడవు. దానిని తోలుపట్టీలతో ఒక మీటరు పైచిలుకు పొడవుగల కత్తికి కట్టారు. రెండవది 37 మిల్లీమీటర్ల లావు, 198 మిల్లీమీటర్ల పొడవు. అది దాదాపు రెండు మీటర్ల వెదురుబద్దకు కట్టినది. చూడబోతే జానెడు గొట్టం. కాని ఆ కత్తి నేలకు దిగే సమయంలో గిరికీలు కొడుతూ గుంపు మీద పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. వెదురుబద్ద తోకగా పనిచేసి బాణాన్ని ఉన్నంతలో తిన్నగా నడిపేది. వదలేటపుడు గొట్టం లావును, లక్ష్యం దూరాన్ని బట్టి ఎంత వంపులో నిలపాలో లెక్కగట్టే శిక్షణ బాణదారులకు ఉండేది. చక్రాల బండ్ల మీద నుండి ఒకేసారి అనేక బాణాలు వదిలే ఏర్పాటు కూడా ఉండేది.

అనేకం ఎందుకు? ఒక్కటి వదిలితే అది ఎక్కడ పడుతుందో వదిలినవానికే తెలియదు గనుక. గాలి కొద్దిగా మళ్లినా, మందు ఒక ప్రక్క త్వరగా మండినా, బద్ద కొంచెం వంకర ఉన్నా దారి తప్పుతుంది. కన్నులేని బాణమది. ఆ లోపాన్ని మైసూరువారు సంఖ్యతో పూరించారు.

ఆ గొట్టాలు చేసిన కమ్మరి ఎవరు? ఇనుమును ఎంత పలుచన చేయాలో, మందును ఎంత బిగువుగా కూరాలో నిర్ణయించినది ఎవరు? మేము చూచిన చరిత్ర గ్రంథాలలో ఒక్క పేరూ లేదు. మన ఊరి పలకరాతి గనులలో పనిచేసేవారిని చూడండి. ఉలిని రాతి అంచున ఎక్కడ ఆనించాలో, ఎంత మెల్లగా తట్టితే పొర విడుతుందో వారి చేతికి తెలుసు. ఏ పుస్తకంలోనూ అది లేదు. తండ్రి చేతిని చూచి కొడుకు చేయి నేర్చుకొంటుంది. మైసూరు కమ్మరుల విద్యయు అట్టిదే అయి ఉండాలి. అటువంటి విద్యకు ఒక గండం ఉన్నది: పని ఆగిపోతే రెండు తరాలలో విద్య కూడా మాసిపోతుంది.

ఇక మన ప్రాంతపు కథకు వద్దాము. 1779లో హైదరు కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌పై దండెత్తి సిద్ధవటంలో అతనిని లొంగదీసి శ్రీరంగపట్టణానికి పంపాడు. కడప నవాబుల ఏలుబడిలోని సీమ మైసూరు వశమైంది. అదే ఏట తూర్పున మరొక చిక్కు మొదలైంది. గుంటూరు సర్కారు, ఆదోని రెండూ నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జాగీర్లు. అతడు కంపెనీతో ఒప్పందం చేసికొని గుంటూరును అప్పగించాడు. ప్రతిగా కంపెనీ సేన ఒకటి గుంటూరు నుండి ఆదోనికి బయలుదేరింది. తన కొత్త రాజ్యం గుండా, తన అనుమతి లేకుండా పరాయి సేన నడవడం హైదరు సహించలేదు. కనుమలలో అతని మనుషులు అడ్డగించగా అది వెనుదిరిగింది. గుంటూరులో నిలిచిపోయిన ఆ సేనకు తరువాత కల్నల్ బెయిలీ నాయకుడయ్యాడు.

1780లో రెండవ మైసూరు యుద్ధం మొదలైనపుడు, కాంచీపురం వద్ద ఉన్న సేనాపతి హెక్టర్ మన్రోను కలిసికొనేందుకు బెయిలీ గుంటూరు నుండి దక్షిణానికి నడిచాడు. సెప్టెంబరు 10న కాంచీపురం సమీపంలోని పొల్లిలూరు వద్ద టిప్పు, హైదరు సేనలు అతనిని చుట్టుముట్టాయి. బెయిలీ వద్ద మూడువేల పైచిలుకు సైన్యం. ఫిరంగులు ఒకవైపు, బాణాలు ఒకవైపు కురుస్తుండగా అతని తుపాకిమందు బండ్లు ప్రేలిపోయాయి. అవి బాణాల వలననే అంటుకొన్నవని కొందరు, ఫిరంగి గుండ్ల వలన అని కొందరు వ్రాశారు. ఏది అంటించినా, మందు పోయిన సైన్యం నిలువలేదు. బెయిలీ బందీయై రెండేళ్లకు శ్రీరంగపట్టణం చెరలోనే మరణించాడు. మైళ్ల దూరంలోనే ఉన్న మన్రో చెన్నపట్టణానికి మరలిపోయాడు. శ్రీరంగపట్టణంలోని దరియా దౌలత్ మహలు గోడ మీద ఈ యుద్ధాన్ని చిత్రింపించారు. ప్రేలుతున్న మందుబండిని ఆ చిత్రంలో నేటికీ చూడవచ్చు. మన్రోతో పాటు వెనుదిరిగిన సేనలో ఆ ఏడే ఇండియాకు వచ్చిన పందొమ్మిదేళ్ల యువకుడొకడున్నాడు. అతని పేరు థామస్ మన్రో. అవును, తరువాత మన దత్తమండలానికి కలెక్టరై వచ్చిన ఆ మన్రోయే.

1782 డిసెంబరు 7న హైదరు మరణించాడు. టిప్పు రాజ్యానికి వచ్చి యుద్ధం కొనసాగించి, 1784లో మంగుళూరు సంధితో ముగించాడు. ఆ సంధి షరతులు కంపెనీకి రుచించలేదు.

సుల్తానుగా అతడు చేసినవి అనేకం. కొత్త నాణేలు, కొత్త పంచాంగం, కొత్త తూనికలు, పట్టుపురుగుల పెంపకం, ఓడల నిర్మాణం. వీటిలో కొన్ని నిలిచాయి, కొన్ని అతనితోనే పోయాయి. మన ప్రస్తుతానికి ముఖ్యమైనది ఫతహుల్ ముజాహిదీన్ అనే ఫారసీ గ్రంథం. జైనుల్ ఆబిదీన్ షుస్తరీ కూర్చిన ఈ సైనిక నిబంధనావళి ప్రకారం ప్రతి కుషూన్‌కు, అనగా ప్రతి సేనా విభాగానికి, 200 మంది బాణదారులుండాలి. అంతకుమునుపు జువ్వలు వదిలేవారు సైన్యం వెంట నడిచే ఒక గుంపు. ఇప్పుడు వారికి సంఖ్య, స్థానం, కవాతు ఏర్పడ్డాయి. హైదరు కాలంలో 1,200 మందిగా ఉన్న ఆ దళం టిప్పు కాలంలో 5,000కు పెరిగిందని చెబుతారు. బెంగుళూరులో బాణాలు తయారైన పేటకు తారామండల పేట అని పేరు. ఆయుధాన్ని కనిపెట్టడం వేరు, దానికి సైన్యంలో చోటు కల్పించడం వేరు. టిప్పు గొప్పతనం ఈ రెండవదానిలో ఉన్నదని మా అభిప్రాయం.

అతనికి మరొక దృష్టి కూడా ఉండేది. 1788లో ఫ్రాన్సుకు చేరిన అతని రాయబారులు పదహారవ లూయీని సైనిక సహాయంతో పాటు వృత్తినిపుణులను కూడా అడిగారు: తుపాకులు చేసేవారు, గడియారాలు చేసేవారు, పింగాణి చేసేవారు. సైన్యం రాలేదు గాని కొందరు పనివాండ్రు వచ్చారు. రాజు రాజును పనివాండ్రనడగడం ఆ కాలంలో అంత సామాన్య విషయం కాదు. అయినా వచ్చినవారి విద్య, ఉన్నవారి విద్య ఒకచోట చేరి పుస్తకమెక్కే ఏర్పాటు జరుగలేదు. కవాతు పుస్తకమెక్కింది, గొట్టం ఎక్కలేదు. రెండువేల గ్రంథాలున్న భాండాగారం గల సుల్తానుకు ఈ లోటు తోచకపోవడం మాకు విచారం కలిగిస్తుంది. కాని పదిహేడేళ్ల పాలనలో మూడు యుద్ధాలు చేసినవానికి తీరికెక్కడిది?

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. టిప్పును గురించి వ్రాసేవారు రెండు కక్షలుగా చీలి ఉన్నారు. ఒకరికి అతడు నిర్దోషి, మరొకరికి దుర్మార్గుడు. కొడగు, మలబారు ప్రాంతాల మీద అతని దండయాత్రలు కఠినమైనవి. వేలాదిమందిని చెరపట్టి తరలించడం, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. మంగుళూరు క్రైస్తవులు అనుభవించిన చెర కూడా అట్టిదే. మన వాడని వీటిని దాచడం చరిత్రకారుని పని కాదు. అదేవిధంగా 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని కొల్లగొట్టినపుడు పునరుద్ధరణకు ధనం పంపినదీ, ఆ స్వాములకు వినయంగా లేఖలు వ్రాసినదీ ఈ టిప్పుయే. ఆ కన్నడ లేఖలు 1916లో మఠంలో బయటపడ్డాయి. అతని ఆదాయవ్యయాలను చూచిన మంత్రి పూర్ణయ్య మాధ్వ బ్రాహ్మణుడు. ఎదురు తిరిగిన ప్రాంతం పట్ల ఒక ముఖం, విధేయంగా ఉన్నదాని పట్ల మరొక ముఖం. ఆ కాలపు రాజులలో ఇది అపురూపం కాదు, అంతమాత్రాన సమర్థనీయమూ కాదు. మన విద్యార్థులు రెండు వైపులా చదవాలని మా కోరిక.

1790లో మొదలైన మూడవ యుద్ధంలో కంపెనీ, మరాఠాలు, నిజాము ఒక్కటై వచ్చారు. 1792లో టిప్పు సగం రాజ్యాన్ని వదులుకొని, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు చెల్లించడానికి అంగీకరించి, పసివారైన ఇద్దరు కుమారులను జామీనుగా కారన్‌వాలిసు శిబిరానికి పంపవలసి వచ్చింది. తల్లి పుట్టింటి కడప సీమ నిజాము పాలయింది. 1800లో నిజాము ఆ సీమను కంపెనీకి దత్తం చేశాడు. 1779 మొదలు 1800 వరకు ఇరవై ఒక్క ఏండ్లలో ఈ ప్రాంతపు రైతు కడప నవాబుకు, మైసూరుకు, నిజాముకు, కంపెనీకి వరుసగా పన్ను కట్టాడు. మార్కాపురం, కంభం 1858లో కర్నూలు జిల్లాలో చేరడమూ, 1970లో ప్రకాశం జిల్లాకు రావడమూ ఆ వరుసలో తరువాతి ఘట్టాలే గాని, వాటికి బాణాలతో పనిలేదు.

1799లో చివరి యుద్ధం. కంపెనీ సేనతో పాటు మీర్ ఆలం నాయకత్వాన నిజాము సేన కూడా శ్రీరంగపట్టణం మీదికి నడిచింది. ఏప్రిల్ 5 రాత్రి సుల్తాన్‌పేట తోపును పట్టుకొనేందుకు కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీ చీకటిలో ముందుకు పోయాడు. నలువైపులా ఒక్కసారిగా బాణాలు, తుపాకులు ప్రేలాయి. సైనికులు చెదిరిపోయారు. వెల్లెస్లీ స్వయంగా దారి తప్పి శిబిరానికి చేరుకొన్నాడు. ఆ రాత్రి పరాభవాన్ని అతడు జీవితాంతం మరువలేదంటారు. తెల్లవారిన తరువాత హెచ్చు బలంతో వచ్చి అదే తోపును సులువుగా పట్టుకొన్నాడు. చీకటిలో భయపెట్టిన బాణం పగటి వెలుగులో ఆపలేకపోయింది. పదహారేళ్ల తరువాత వాటర్లూలో నెపోలియనును ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు ఈ వెల్లెస్లీయే. అప్పటికి తన సొంత సైన్యంలోనే బాణాల దళం ఏర్పడినా అతనికి వాటి మీద నమ్మకం కుదరలేదు. కారణం గురి లేకపోవడమే.

మే 2న కంపెనీ ఫిరంగి గుండు ఒకటి కోటలోని బాణాల కొట్టు మీద పడింది. ఆ ప్రేలుడు దూరాన ఉన్న శిబిరాలకు కనిపించింది. మరునాటికి గోడకు గండి పడింది. మే 4 మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న సుల్తాను, ముట్టడి మొదలయిందని విని లేచి గోడ మీదికి పోయాడు. మీర్ సాదిక్ ద్రోహం ఆ రోజు జరిగినదే. లొంగిపోయే అవకాశం ఉండగా కూడా అతడు కోరలేదు. ఆ సాయంకాలం కోట ద్వారం వద్ద శవాల నడుమ దివిటీల వెలుతురులో అతని దేహాన్ని గుర్తుపట్టారు. వయస్సు 48 ఏండ్లు. మరునాడు సైనిక లాంఛనాలతో గుంబజ్‌లో, తండ్రి హైదరు, కడప బిడ్డయైన తల్లి ఫాతిమా సమాధుల ప్రక్కన ఖననం చేశారు.

కోటలో విజేతలకు 600 బాణపు మంచెలు, పనికి వచ్చే బాణాలు 700, మందు కూరని గొట్టాలు 9,000 దొరికాయని లెక్క. వాటిలో కొన్ని ఇంగ్లండుకు పోయాయి. 1804 ప్రాంతంలో విలియం కాంగ్రీవ్ వూలిచ్ ఆయుధాగారంలో పరీక్షలు ప్రారంభించాడు. అతని తండ్రి అక్కడి ప్రయోగశాలకు అధిపతి. మొదట లండన్ బజారులో దొరికే పెద్ద జువ్వలను సొంత డబ్బుతో కొని వదిలి చూచాడు. 600 గజాలు మించలేదు. తరువాత మైసూరువారి వలెనే ఇనుప గొట్టం చేసి, మందు పాళ్లు మార్చి, ప్రతి ప్రయోగానికి దూరం కొలిచి, కొద్ది ఏండ్లలోనే 2,000 గజాలు దాటించాడు. ఇన్ని పౌండ్ల బాణానికి ఇంత మందు, ఇంత వంపు, ఇంత దూరం, ఇంత ఖర్చు అని పట్టికలు వ్రాసి అచ్చు వేయించాడు. 1807లో ఆ బాణాలు కోపెన్‌హేగన్ నగరాన్ని తగులబెట్టాయి. 1814లో అమెరికాలోని మెక్‌హెన్రీ కోట మీద కురిశాయి. వాటి ఎర్రని వెలుగు ఆ దేశపు జాతీయగీతంలోకి కూడా ఎక్కింది. కాంగ్రీవ్ పేరు నేటికీ నిలిచి ఉన్నది. అతని పట్టికలున్నాయి గనుక అతని తరువాతివాడు మొదటి నుండి మొదలుపెట్టవలసిన అవసరం కలుగలేదు. 1844లో విలియం హేల్ బద్దను తీసివేసి, బాణమే గిరగిర తిరుగుతూ తిన్నగా పోయే ఉపాయం కనిపెట్టాడు.

అయినా కన్ను రాలేదు. అది రావడానికి మరొక శతాబ్దం పట్టింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికా నౌకాదళపు చైనా లేక్ కేంద్రంలో విలియం మెక్లీన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఒక ఆలోచన చేశాడు. విమానాన్ని వెదకి గురిచూచి కొట్టే బరువైన యంత్రాన్ని విమానంలో పెట్టే బదులు, బాణానికే ఒక చిన్న కన్ను ఎందుకు పెట్టరాదు? ఆ కన్ను వెలుగును కాదు, వేడిని చూడాలి. లెడ్ సల్ఫైడ్ అనే పదార్థం మీద కంటికి కనిపించని పరారుణ కిరణాలు పడితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. తిరుగుతున్న అద్దం ఆ కిరణాలను దాని మీద పడవేస్తుంది. వేడి ఎడమవైపున ఉన్నదా, కుడివైపున ఉన్నదా అనే సంగతి ఆ మార్పును బట్టి తెలుస్తుంది. దానిని బట్టి ముందు రెక్కలు కదులుతాయి. 1953 సెప్టెంబరు 11న ఆ క్షిపణి మనిషిలేని విమానాన్ని మొదటిసారి తాకింది. వేటాడే ప్రాణి వేడిని పసిగట్టే ఒక ఎడారి పాము పేరు మీద దానికి సైడ్‌వైండర్ అని పేరు పెట్టారు.

ఆ కన్ను మొదట చాలా మందమైనది. విమానం వెనుక నుండి, మండే గొట్టం ఎదురుగా కనిపిస్తేనే గుర్తించేది. సూర్యుని చూచి కూడా మోసపోయేది. 1958లో తైవాన్ జలసంధి మీద తొలి యుద్ధప్రయోగం జరిగింది. తగిలి కూడా ప్రేలని ఒక క్షిపణి చైనా విమానంలో గుచ్చుకొని సోవియట్ ఇంజనీర్ల చేతికి చేరగా, వారు దానిని చూచి కె-13 తయారు చేశారు. శ్రీరంగపట్టణం నుండి వూలిచ్‌కు జరిగినదే మరల జరిగిందన్నమాట. 1965 యుద్ధంలో పాకిస్తాన్ విమానాల రెక్కల క్రింద సైడ్‌వైండర్ ఉండగా, 1971 యుద్ధంలో మన మిగ్-21 విమానాలకు కె-13 ఉన్నది. రెండు సైన్యాలూ మోసినది ఒకే వంశపు పామును. తరువాత ఆ కంటిని చల్లబరచి ఉంచే ఉపాయం వచ్చింది. చల్లని కన్ను సన్నని వేడిని కూడా గుర్తించగలదు గనుక ఎదురుగా వచ్చే విమానాన్ని సైతం పట్టుకోగలిగింది. 1982లో ఫాక్‌లాండ్ యుద్ధంలో ఆ రకం క్షిపణిని వాడారు. విమానాలు మండే దివిటీలను వెనుకకు వదిలి ఏమార్చసాగాయి. దానికి విరుగుడుగా, వేడిని చుక్కగా గాక బొమ్మగా చూచి, ఏది దివిటీయో ఏది విమానమో తేల్చుకొనే కన్నులు వచ్చాయి.

అట్టి బొమ్మచూపు విద్య మన హైదరాబాదులో కూడా పెరిగింది. అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాలకు 1982లో అబ్దుల్ కలాం అధిపతిగా వచ్చారు. మరుసటి ఏడు మొదలైన అయిదు క్షిపణుల పథకంలో నాగ్ ఒకటి. అది ఎగిరే విమానాన్ని గాక నేల మీది యుద్ధశకటాన్ని వెదకేదే అయినా, దాని కన్ను వేడిని బొమ్మగా చూచేదే. ఈ పాములన్నిటికీ పాముల పేర్లే ఎందుకు పెడతారో గాని, పేరు బాగా కుదిరింది. కలాం 1963లో అమెరికాలోని వాలప్స్ రాకెట్టు కేంద్రానికి శిక్షణకు పోయినపుడు అక్కడి గోడ మీద ఒక వర్ణచిత్రం చూచారట. నల్లని మేనుగల సైనికులు తెల్లవారి మీద బాణాలు వదులుతున్నారు. దగ్గరకు పోయి చూస్తే అది టిప్పు సేన. సొంత దేశంలో మరచిన దానిని పరాయి దేశంలో గోడకెక్కించారని ఆయన తన ఆత్మకథలో ఆశ్చర్యపడ్డారు.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగరకోట, పూర్వపు బిదనూరు, టిప్పు ఆయుధ స్థావరాలలో ఒకటి. అక్కడ ఒక పాడుబడిన నూతి నుండి 2002లో తుప్పుపట్టిన ఇనుప గొట్టాలు 160 వరకు దొరికాయి. చాలాకాలం అవి ఫిరంగి గుండ్లనే అనుకొన్నారు. నూతి మట్టికి తుపాకిమందు వాసన వస్తున్నదని గమనించి 2018 జూలైలో పురావస్తు శాఖవారు త్రవ్వించగా మరి వెయ్యికి పైగా బయటపడ్డాయి. రెండు శతాబ్దాలు బురదలో ఉన్న ఆ గొట్టాలు వేరువేరు పరిమాణాలలో ఉన్నాయి. చేసినవారి పేర్లు వాటి మీద లేవు.